పాత ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్‌లో విండోస్ 11 పనిచేస్తుందో లేదో తేల్చుకోవడం ఎలా

2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. ఆ తేదీ దాటినంత మాత్రాన ఎవరి కంప్యూటరూ ఆగిపోలేదు. మునుపటిలాగే ఆన్ అవుతుంది, ఫైళ్లు తెరుచుకుంటాయి, ప్రింటర్ పనిచేస్తుంది. ఆగిపోయిందల్లా కొత్తగా బయటపడే భద్రతా లోపాలకు ప్రతి నెలా ఉచితంగా వచ్చే దిద్దుబాటు. అందుకని విండోస్ 11కు మారబోయిన చాలామందికి, ఈ కంప్యూటర్‌కు కనీస అర్హతలు లేవన్న సందేశం తెర మీద కనిపిస్తుంది. దాన్ని చూడగానే యంత్రం పనికిరాదని నిర్ణయించుకుని, బాగా నడుస్తున్న దాన్ని తక్కువ ధరకు అమ్మేసి కొత్తది కొన్నవారు నాకు తెలిసినవారిలోనే కొందరున్నారు.

సందేశం ఒకటే అయినా దాని వెనుక కారణాలు మూడు రకాలు. మొదటిది, కావలసినవన్నీ యంత్రంలో ఉండి కూడా ఏదో ఒక సెట్టింగ్ ఆఫ్‌లో ఉండటం. రెండోది, ప్రాసెసర్‌కు శక్తి ఉన్నా మైక్రోసాఫ్ట్ ఆమోదించిన జాబితాలో దాని పేరు లేకపోవడం. మూడోది, కొత్త విండోస్ వాడే ఆదేశాలు ఆ ప్రాసెసర్‌లో అసలు లేకపోవడం. మొదటి దాన్ని ఖర్చు లేకుండా ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. రెండో దాని విషయంలో మీ అవసరాన్ని బట్టి మీరే ఒక నిర్ణయానికి రావాలి. మూడోది ఏ ఉపాయానికీ లొంగదు. మీది ఈ మూడింటిలో ఏదో తేలేదాకా రూపాయి కూడా ఖర్చు పెట్టవద్దని నా విన్నపం.

మొదటి పని: ప్రాసెసర్ పూర్తి పేరు రాసుకోండి

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కీలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ అనే భాగంలో సీపీయూ మీద నొక్కండి. పైన కుడివైపు ప్రాసెసర్ పేరు నంబరుతో సహా కనిపిస్తుంది. దాన్ని ఒక కాగితం మీద ఉన్నది ఉన్నట్టుగా రాసుకోండి. ‘మాది ఐ5’ అని చెప్పుకోవడం వల్ల ఇక్కడ ఏ ఉపయోగమూ లేదు, ఎందుకంటే 2011లో వచ్చిన ఐ5 ఉంది, 2024లో వచ్చిన ఐ5 కూడా ఉంది.

ఇంటెల్ కోర్ ప్రాసెసర్లలో గీత తర్వాత వచ్చే అంకెలే జనరేషన్‌ను చెబుతాయి. నాలుగు అంకెల నంబరైతే మొదటి అంకె చూడాలి; అయిదంకెల నంబరైనా, 1తో మొదలయ్యే నాలుగంకెల నంబరైనా అది 10వ జనరేషన్ లేదా ఆ తర్వాతిది, మొదటి రెండు అంకెలు చూడాలి. ఆ లెక్కన ఐ5-2400 రెండో జనరేషన్, ఐ5-7400 ఏడో జనరేషన్, ఐ5-8250యు ఎనిమిదో జనరేషన్, ఐ5-10400 పదో జనరేషన్. విండోస్ 11 ఆమోదించేది ఎనిమిదో జనరేషన్ నుంచి, అంటే సుమారుగా 2017 చివరి నుంచి వచ్చినవాటిని. ఏడో జనరేషన్‌లో కోర్ ఎక్స్ శ్రేణి వంటి కొద్ది మినహాయింపులున్నా, ఇళ్లలో వాడే యంత్రాలకు అవి దాదాపు వర్తించవు.

ఏఎండీ రైజెన్ విషయంలో ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి. 1000 శ్రేణి జాబితాలో లేదు. 2000 శ్రేణిలో రైజెన్ 5 2600, రైజెన్ 7 2700 వంటివి ఉన్నాయి కానీ, మన దగ్గర తక్కువ ధర డెస్క్‌టాప్‌లలో విరివిగా వాడిన రైజెన్ 3 2200జి, రైజెన్ 5 2400జి లేవు. ల్యాప్‌టాప్‌లలో వచ్చిన రైజెన్ 5 2500యు కూడా లేదు. నంబరులో 2 కనిపిస్తున్నా ఈ మూడింటి లోపలి నిర్మాణం 1000 శ్రేణిదే కావడం దీనికి కారణం. పెంటియం, సెలెరాన్ పేర్లున్నవాటికి జనరేషన్ లెక్క పనికిరాదు. పూర్తి నంబరును మైక్రోసాఫ్ట్ వెబ్‌సైట్‌లోని జాబితాలో వెతుక్కోవడమే సరైన దారి. ఉదాహరణకు సెలెరాన్ ఎన్4000 ఉంది, ఎన్3350 లేదు.

నాలుగు కోర్లతో ఇప్పటికీ వీడియో ఎడిటింగ్ చేయగల ఐ7-7700ను తిరస్కరించి, బ్రౌజర్‌లో నాలుగు పేజీలు తెరిస్తేనే ఆయాసపడే సెలెరాన్ ఎన్4000ను ఆమోదించడం ఏ న్యాయమని మీకు అనిపించవచ్చు. వేగం ఇక్కడ కొలమానం కాదు. విండోస్ 11లో మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణ ఉంది. ఆపరేటింగ్ సిస్టమ్ గర్భంలోకి అనుమతి లేని కోడ్ చొరబడకుండా అది కాపలా కాస్తుంది. ఆ కాపలాకు కావలసిన సదుపాయం ప్రాసెసర్‌లోనే ఉంటే పని వేగంగా జరుగుతుంది, లేకపోతే సాఫ్ట్‌వేర్‌తో నెట్టుకురావాలి, యంత్రం నెమ్మదిస్తుంది. అంతవరకు వాదన సబబే. అయితే ఆ సదుపాయం ఇంటెల్‌లో ఏడో జనరేషన్‌కే వచ్చింది, అయినా దాన్ని పక్కన పెట్టారు; ఏఎండీలో రైజెన్ 3000 డెస్క్‌టాప్ ప్రాసెసర్లతో వచ్చింది, అయినా అంతకు ముందటి 2600ను ఆమోదించారు. కనీస అర్హతలు లేని యంత్రాలలో కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గర్భం) స్థాయి క్రాష్‌లు 52 శాతం ఎక్కువగా కనిపించాయని 2021 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ మరో కారణం కూడా చెప్పింది. వీటన్నిటినీ కలిపి చూస్తే, ఈ జాబితాలో సాంకేతిక కారణంతో పాటు కంపెనీ గీసుకున్న గీత కూడా ఉందని నా అభిప్రాయం. జాబితాలో పేరు లేకపోవడాన్ని మీ ప్రాసెసర్ చేతకానితనంగా భావించకండి.

రెండో పని: సెట్టింగులను పరీక్షించండి

ప్రాసెసర్ జాబితాలో ఉండి కూడా తిరస్కారం వస్తే, నూటికి తొంభై పాళ్లు సెట్టింగుల్లోనే ఏదో లోపం ఉందని అనుమానించండి. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పీసీ హెల్త్ చెక్ అనే చిన్న ప్రోగ్రామ్‌ను నడిపితే ఏ అర్హత దగ్గర ఆగిందో విడివిడిగా చూపిస్తుంది. 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్ అన్నవి చాలా యంత్రాలకు ఉంటాయి. చిక్కంతా టీపీఎమ్ 2.0, సెక్యూర్ బూట్ అనే రెండింటి దగ్గరే.

టీపీఎమ్ అంటే పాస్‌వర్డ్‌లకు, డిస్క్ తాళానికి సంబంధించిన రహస్య సంకేతాలను భద్రపరిచే భాగం. విండోస్ 10 సెట్టింగ్స్‌లో అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ, అందులో విండోస్ సెక్యూరిటీ, ఆ తర్వాత డివైస్ సెక్యూరిటీ తెరవండి. అక్కడ సెక్యూరిటీ ప్రాసెసర్ వివరాల్లో స్పెసిఫికేషన్ వెర్షన్ 2.0 అని ఉంటే సరిపోయింది. ఆ విభాగమే కనిపించకపోతే టీపీఎమ్ లేదనే అర్థం కాదు, ఆఫ్‌లో ఉండి ఉండవచ్చు. దీనికోసం విడిగా చిప్ కొననవసరం లేదు, జాబితాలోని ప్రాసెసర్ ఉన్న బోర్డులలో ఆ పని సాధారణంగా లోపలే జరిగిపోతుంది. ఇంటెల్ బోర్డులలో దాన్ని పీటీటీ అని, ఏఎండీ బోర్డులలో ఎఫ్‌టీపీఎమ్ అని పిలుస్తారు. 2021కి ముందు అమ్మిన డెస్క్‌టాప్ బోర్డులలో చాలావాటికి అది ఆఫ్‌లోనే ఉండేది.

మా మేనల్లుడి ఇంట్లో ఐ5-8400 ఉన్న డెస్క్‌టాప్‌ను ఒక రిపేరు దుకాణంలో చూపిస్తే, ఇది విండోస్ 11కు పనికిరాదు, మదర్‌బోర్డు, ప్రాసెసర్ మార్చాలని చెప్పి పంపారు. అతను ఫోన్‌లో చెప్పిన నంబరు విని నాకు అనుమానం వచ్చింది. విండోస్ కంటే ముందు నడిచే, యంత్రపు మూల సెట్టింగులుండే బయోస్ తెరిపించి పీటీటీ ఆన్ చేయించాను, అంతే. ఆ కుర్రవాడి చదువుకు ఆ యంత్రమే ఆధారం. అనవసరపు ఖర్చు తప్పినందుకు కలిగిన ఊరటే ఈ వ్యాసం రాయడానికి నన్ను పురికొల్పింది.

ఇక సెక్యూర్ బూట్ సంగతి. యంత్రం ఆన్ అయ్యేటప్పుడు నమ్మదగిన సాఫ్ట్‌వేర్ మాత్రమే మొదలయ్యేలా చూసే రక్షణ ఇది. స్టార్ట్ మెనూలో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని వెతికి తెరవండి. బయోస్ మోడ్ అన్న చోట యూఈఎఫ్ఐ (కొత్త తరహా) అని ఉండాలి. లెగసీ (పాత తరహా) అని ఉంటే మాత్రం సెక్యూర్ బూట్‌ను నేరుగా ఆన్ చేయలేరు, ముందు డిస్క్ పద్ధతిని మార్చాలి.

మూడో పని: సెట్టింగులు మార్చండి, కానీ ఈ వరుసలోనే

అన్నిటికంటే ముందు మీ ఫొటోలు, పత్రాలు, లెక్కల ఫైళ్లు వేరే హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. ఆ తర్వాత డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందేమో చూసి, ఉంటే దాని 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి దాచుకోండి. బయోస్‌లో టీపీఎమ్, సెక్యూర్ బూట్ సెట్టింగులను కదిలిస్తే తర్వాతిసారి ఆన్ చేసినప్పుడు విండోస్ ఆ కీ అడగవచ్చు. అది చేతిలో లేకపోతే మీ డిస్క్‌లోని సమాచారం మీకే అందదు.

బయోస్ మోడ్ లెగసీ అని ఉన్నవారు డిస్క్‌లోని భాగాల వివరాలు రాసుకునే తీరును ఎంబీఆర్ అనే పాత పద్ధతి నుంచి జీపీటీ అనే కొత్త పద్ధతికి మార్చుకోవాలి. విండోస్ 10లోనే దీనికోసం ఎంబీఆర్2జీపీటీ అనే ఉపకరణం ఉంది. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో దాన్ని ముందు వ్యాలిడేట్ ఆదేశంతో పరీక్షగా నడిపి, తప్పులేవీ చూపించకపోతేనే కన్వర్ట్ ఆదేశం ఇవ్వాలి. ఫైళ్లను చెరపకుండానే ఇది డిస్క్ పద్ధతిని మారుస్తుంది. మన అసెంబుల్డ్ కంప్యూటర్లకు ఇక్కడొక ప్రత్యేకమైన చిక్కు ఉంది. దుకాణాలవారు డిస్క్‌ను సి, డి, ఇ, ఎఫ్ అని ముక్కలు చేసి ఇవ్వడం మనకు ఏళ్ల తరబడి అలవాటు. ఎంబీఆర్ డిస్క్‌లో అలా చేసేటప్పుడు తరచుగా ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ ఒకటి సృష్టించి, మిగిలిన ముక్కలను అందులో పెడతారు. అలాంటి డిస్క్‌ను ఈ ఉపకరణం మార్చదు, పరీక్ష దశలోనే ఆగిపోతుంది. అప్పుడు డి, ఇ లలోని ఫైళ్లను బయటికి తీసి, ఆ ముక్కలను తొలగించి మళ్లీ ప్రయత్నించడం, లేదా డిస్క్ మొత్తాన్ని తుడిచి విండోస్‌ను కొత్తగా ఎక్కించడం తప్ప వేరే సులువైన మార్గం లేదు.

డిస్క్ పద్ధతి మారిన తర్వాతే రీస్టార్ట్ చేసి, తెర వెలిగీ వెలగగానే డిలీట్ లేదా ఎఫ్2 కీని నొక్కుతూ బయోస్‌లోకి వెళ్లండి (కొన్ని ల్యాప్‌టాప్‌లకు ఎఫ్10). అక్కడ బూట్ పద్ధతిని యూఈఎఫ్ఐకి మార్చి, సీఎస్ఎమ్ అన్నదాన్ని (పాత లెగసీ తరహాలో మొదలయ్యే వీలు కల్పించేది) ఆఫ్ చేసి, సెక్యూర్ బూట్‌ను, దానితోపాటు పీటీటీ లేదా ఎఫ్‌టీపీఎమ్‌ను ఆన్ చేసి, సేవ్ చేసి బయటికి రండి. డిస్క్ పద్ధతిని మార్చకుండా ముందే ఇది చేస్తే విండోస్ మొదలుకాదు; కంగారు పడకుండా పాత సెట్టింగుకు తిరిగి వెళితే మళ్లీ వస్తుంది. విడిగా పెట్టిన గ్రాఫిక్స్ కార్డు బాగా పాతదైతే సీఎస్ఎమ్ ఆఫ్ చేయగానే తెర నల్లగా ఉండిపోవచ్చు. అలాంటప్పుడు ఆ కార్డును తీసి, బోర్డు మీదున్న డిస్‌ప్లే పోర్టుకు మానిటర్‌ను తగిలించి చూడండి.

నాలుగో పని: జాబితాలో పేరు లేకపోతే ఆలోచించాల్సినవి

డెస్క్‌టాప్ ఉన్నవారు ముందు ప్రాసెసర్ ఒక్కదాన్నే మార్చే వీలుందేమో చూడండి. ఏఎండీ ఏఎం4 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే గూడు) ఉన్న బోర్డు అయితే ఇది మంచి మార్గం. రైజెన్ 1000 శ్రేణి, 2200జి వంటివి ఉన్న బోర్డులలో చాలావాటిలో, బోర్డు కంపెనీ ఇచ్చిన బయోస్ అప్‌డేట్ వేశాక రైజెన్ 3000, 5000 శ్రేణుల ప్రాసెసర్లు పనిచేస్తాయి. బోర్డు కంపెనీ వెబ్‌సైట్‌లో మీ బోర్డు నంబరు కింద ఉన్న సీపీయూ సపోర్ట్ జాబితా చూసి, పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ అప్‌డేట్ చేసి, ఆ తర్వాతే కొత్తది కొనండి. ఇంటెల్ ఆరు, ఏడు జనరేషన్ల బోర్డులకు ఆ అవకాశం లేదు. వాటి సాకెట్ పేరు ఎల్‌జీఏ 1151, ఎనిమిదో జనరేషన్ సాకెట్ పేరూ అదే, ప్రాసెసర్ అందులో చక్కగా కూర్చుంటుంది కూడా. అయినా పనిచేయదు, దానికి 300 శ్రేణి చిప్‌సెట్ ఉన్న బోర్డు కావాలి. సాకెట్ పేరు చూసి సెకండ్ హ్యాండ్ ఎనిమిదో జనరేషన్ ప్రాసెసర్ కొనేసి డబ్బు పోగొట్టుకోకండి.

వెంటనే ఖర్చు పెట్టలేనివారికి మైక్రోసాఫ్ట్ ఒక గడువు ఇచ్చింది. ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్ అనే పథకంలో చేరితే, ఇళ్లలో వాడే విండోస్ 10 యంత్రాలకు 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా దిద్దుబాట్లు వస్తాయి. యంత్రంలో 22హెచ్2 వెర్షన్ ఉండాలి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ కావాలి. సెట్టింగులను ఆ ఖాతాకు సింక్ చేస్తే ఉచితం, లేదా వెయ్యి రివార్డ్స్ పాయింట్లు, లేదా 30 డాలర్లకు సమానమైన రుసుము. విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఇందులో చేరే లింకు కనిపిస్తుంది. జాబితాలో లేని ల్యాప్‌టాప్ ఉన్నవారికి నేను మొదట చెప్పేది ఇదే, ఎందుకంటే ఆలోచించుకోవడానికి వ్యవధి దొరుకుతుంది.

జాబితాను దాటవేసి విండోస్ 11 ఎక్కించే పద్ధతులు ఉన్నాయి. రూఫస్ అనే ఉచిత ప్రోగ్రామ్ పెన్ డ్రైవ్ తయారు చేసేటప్పుడే టీపీఎమ్, సెక్యూర్ బూట్ తనిఖీలను తీసేసే అవకాశం ఇస్తుంది. ఆరు, ఏడు జనరేషన్ల యంత్రాలలో ఇలా ఎక్కించినది సాధారణంగా బాగానే నడుస్తుంది. అయితే మద్దతు లేని యంత్రాలకు అప్‌డేట్లు ఇస్తామన్న హామీ ఏదీ లేదని మైక్రోసాఫ్ట్ స్పష్టంగా చెప్పింది. నెలనెలా వచ్చే దిద్దుబాట్లు వస్తున్నా, ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్‌ను మళ్లీ చేత్తో ఎక్కించుకోవలసి వస్తుంది. హోమ్, ప్రో రకాలలో ఒక్కో వెర్షన్‌కు మద్దతు 24 నెలలే కాబట్టి ఈ పని ఎన్నటికీ తీరేది కాదు. మీ యంత్రాన్ని మీరే చూసుకోగలరనుకుంటే ఈ దారి పట్టండి. ఊళ్లో ఉన్న అమ్మానాన్నల కంప్యూటర్‌కు మాత్రం వద్దు. ఏదైనా చెడితే సరిచేయడానికి మీరు పక్కన ఉండరు.

అయిదో పని: ఏ ఉపాయానికీ లొంగని యంత్రాలను గుర్తించండి

2024 అక్టోబర్‌లో విడుదలైన విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి ప్రాసెసర్‌లో పాప్‌కౌంట్, ఎస్ఎస్ఈ4.2 అనే ఆదేశాలు తప్పనిసరి. అవి లేని ప్రాసెసర్ మీద ఆ విండోస్ మొదలే కాదు. రూఫస్ తనిఖీని తీసేయగలదు కానీ, సిలికాన్‌లో లేని ఆదేశాన్ని తెచ్చి పెట్టలేదు. ఇంటెల్‌లో ఇవి 2008 చివరి నుంచి వచ్చిన తొలి కోర్ ఐ7తో మొదలయ్యాయి. కాబట్టి కోర్ 2 డ్యుయో, కోర్ 2 క్వాడ్, ఆ కాలపు పెంటియం డ్యుయల్ కోర్ ఉన్నవారు విండోస్ 11 ఆశ వదులుకోవాలి. ఏఎండీ ఫెనామ్ 2లో పాప్‌కౌంట్ ఉన్నా ఎస్ఎస్ఈ4.2 లేదు, కనుక అదీ అంతే. అనుమానం ఉంటే సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ఇన్‌స్ట్రక్షన్స్ అన్న గడి చూడండి, అక్కడ ఎస్ఎస్ఈ4.2 కనిపించాలి.

ఇటువంటి యంత్రాలకు, జాబితాలో లేని మిగిలినవాటికి కూడా, విండోస్‌కు బదులుగా ఉచితంగా వాడుకోగల లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ గౌరవప్రదమైన దారి. లినక్స్ మింట్ 22కు 2029 వరకు మద్దతు ఉంది, 4 జీబీ ర్యామ్ ఉంటే ఇబ్బంది లేకుండా నడుస్తుంది. ముందు పెన్ డ్రైవ్ నుంచే నడిపి చూసుకోవచ్చు. వైఫై, సౌండ్, ప్రింటర్ పనిచేస్తున్నాయని నమ్మకం కుదిరాకే డిస్క్‌లోకి ఎక్కించండి. యూనికోడ్‌లో తెలుగు టైపింగ్, చదవడం, బ్రౌజర్, బ్యాంకు పనులు అన్నీ జరుగుతాయి. లినక్స్‌లో అయినా ప్రతి రకమూ పాత ప్రాసెసర్లను మోస్తుందని అనుకోవద్దు. 2025లో వచ్చిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 10, ఇంటెల్‌లో 2013 నాటి హాస్‌వెల్‌తో వచ్చిన ఏవీఎక్స్2 ఆదేశాలు లేనిదే నడవదు. అదే ఏడాది వచ్చిన డెబియన్ 13, 32 బిట్ పీసీలకు ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది.

డీటీపీ సెంటర్లు నడిపేవారికి మాత్రం ఈ సలహా ఇవ్వలేను. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేసిన పెళ్లి కార్డులు, కరపత్రాలు, పుస్తకాల పేజీలు యూనికోడ్‌లో ఉండవు; ఆ ఫాంట్లు, ఆ కీబోర్డు ప్రోగ్రామ్ లేనిచోట అక్షరాలు అర్థంలేని గుర్తులుగా కనిపిస్తాయి. ట్యాలీ మీద లెక్కలు నడిపే దుకాణదారులదీ విండోస్‌ను వదలలేని పరిస్థితే. అలాంటి చోట పాత యంత్రాన్ని పాత విండోస్‌తోనే ఉంచి, ఇంటర్నెట్ నుంచి పూర్తిగా విడదీయండి. నెట్‌వర్క్ కేబుల్ తీసేయండి, వైఫై ఆఫ్ చేయండి, ఫైళ్లను తెచ్చే పెన్ డ్రైవ్‌ను అప్‌డేట్లు వస్తున్న మరో యంత్రంలో స్కాన్ చేశాకే ఇందులో పెట్టండి. ఈమెయిల్, బ్యాంకు పనులు, వాట్సాప్ వెబ్ ఆ రెండో యంత్రంలోనే జరగాలి. ఇరవై ఏళ్ల పని ఆ డిస్క్‌లోనే ఉంటుంది కాబట్టి, వారానికోసారి దాన్ని బయటి డిస్క్‌లోకి కాపీ చేయడం కూడా మానకండి.

చివరకు కొనక తప్పదనుకుంటే

మార్కెట్‌లో రీఫర్బిష్డ్ ల్యాప్‌టాప్‌లు విరివిగా దొరుకుతున్నాయి. ఆఫీసులలో వాడి తీసేసిన ఐ5-6300యు వంటి ఆరో జనరేషన్ యంత్రాలు వాటిలో ఎన్నో ఉంటాయి, వాటిలో విండోస్ 11 కూడా ఎక్కించి ఉండవచ్చు. తెర మీద విండోస్ 11 కనిపించడం ఆ యంత్రానికి అర్హత ఉందనడానికి రుజువు కాదు. డబ్బు ఇచ్చే ముందు దుకాణంలోనే టాస్క్ మేనేజర్ తెరిచి ప్రాసెసర్ నంబరు మీ కళ్లతో చూడండి, సెక్యూరిటీ ప్రాసెసర్ వివరాల్లో 2.0 అని ఉందో లేదో చూడండి, ఆ ప్రాసెసర్ నంబరును బిల్లు మీద రాయించుకోండి. ఇంట్లోని పాత యంత్రాన్ని ఇచ్చేసేటప్పుడు హార్డ్ డిస్క్‌ను తీసి మీ దగ్గరే ఉంచుకోండి, లేదా పూర్తిగా తుడిచి ఇవ్వండి.